అందరి నోటికీ ఒకటే ఎక్స్‌రే

డెంటల్ కుర్చీలో వెల్లకిలా పడుకుని నోరు తెరిచిన మనిషికి ఎదురు ప్రశ్న వేయడం కుదరదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎదుటివాళ్ల నోరు తెరిపించడమే పనిగా బతికిన రేణుకాదేవికి ఆ ఉదయం ఆత్మకూరులో ఆ సంగతి తెలిసివచ్చింది. మొహం మీద లైటు, నోట్లో అద్దం. పక్కన నిలబడ్డ కుర్రాడు ఆమె పళ్లను ఒక్కొక్కటిగా తడుతూ, చావు కబురు చెప్పేవాడిలా గొంతు తగ్గించాడు.

"ఎనిమిది పళ్లు పోయినాయి మేడం. పైకి బాగానే కనపడతాయి. లోపలంతా పిప్పి. ఇట్టే వదిలేస్తే చీము మెడలోకి దిగతాది."

అతని పేరు సాయికిరణ్. ఎక్స్‌రేలు తీసే టెక్నీషియన్. మాటతీరు మాత్రం డాక్టరుదే. కలువాయి నుంచి వచ్చానని, మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో ఫొటోలు దిగాలి కాబట్టి పళ్లు కొంచెం తెల్లగా చేయించుకుందామనుకుంటున్నానని ఆమె అతనికి చెప్పింది. అందులో అనుమానించడానికేమీ లేదు. ఉదయగిరి నుంచి మర్రిపాడు దాకా బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి. జనం గార పళ్లంటారు. డాక్టర్ వంశీకృష్ణ స్మైల్ స్టూడియో నడిచేదే ఆ చారల మీద.

కాసేపటికి వంశీకృష్ణ వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. చక్కటి మనిషి, చక్కటి చొక్కా. గోడమీది తెరలో పెద్ద ఎక్స్‌రే వెలిగించి, నల్లగా పుచ్చిన చోట్లను పెన్నుతో చూపించాడు. రూట్ కెనాల్ చేసి, అరగదీసి, తెల్లటి క్యాపులు వేస్తే పదేళ్లు వయసు తగ్గుతుందన్నాడు.

"ఇది నా నోరేనా డాక్టరుగారూ?"

"మీదే గదమ్మా. ఇప్పుడే తీసినాం."

రేణుకాదేవి నాలుకతో కింది ఎడమ దవడ తడుముకుంది. అక్కడ పన్ను లేదు. ఎస్సైగా ఉన్న రోజుల్లోనే పీకించుకుని, చెంపకు గుడ్డ కట్టుకుని బందోబస్తుకు వెళ్లింది. తెర మీద ఆ చోట పన్ను దిట్టంగా కూర్చుని ఉంది. ఎక్స్‌రేలో ఎడమ కుడిగా కనిపిస్తుందేమోనని రెండో వైపూ చూసింది. అక్కడా పళ్లు నిండుగానే ఉన్నాయి. బొమ్మ అంచున, దవడ ఎముక మలుపు తిరిగే చోట, ఎవరో సరిగ్గా కత్తిరించకుండా వదిలేసినట్టు రెండు తెల్లటి మచ్చలు కనిపించాయి. తేరిపార చూస్తే అవి మచ్చలు కావు, స్క్రూలు.

ఆమె లేచి కూర్చుని, మెడకు కట్టిన కాగితపు గుడ్డ విప్పి, తన కార్డు తీసి డాక్టరు చేతికిచ్చింది. రేణుకాదేవి, రిటైర్డ్ సర్కిల్ ఇన్‌స్పెక్టర్, ప్రైవేట్ డిటెక్టివ్, నెల్లూరు. ఉదయగిరిలో ఉండే ప్రేమానందం మాస్టారు తన కూతురు డాక్టర్ షైనీ కోసం పెట్టుకున్న మనిషినని చెప్పింది. షైనీ అన్న పేరు వినగానే సాయికిరణ్ చేతిలోని ట్రే గలగలమంది.

షైనీ ఆ క్లినిక్‌లో ఏడాదిగా పనిచేస్తున్న డెంటిస్టు. నాలుగు రోజులుగా కనిపించడం లేదు. మర్రిపాడు దగ్గరి పల్లె నుంచి దివ్యశ్రీ అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయి పోయిన ఆదివారం ఇక్కడ పళ్లు బాగుచేయించుకుంది. నెల్లూరులో బట్టల షోరూంలో ఉద్యోగం వచ్చేట్టుంది, మొహం మీద నవ్వు బాగుండాలన్నారట. మరుసటిరోజుకే మెడ వాచి ఊపిరాడక ఆసుపత్రి పాలైంది. ఇప్పుడు ఐసీయూలో ఉంది. గొంతుకు గొట్టం వేశారు. తప్పు షైనీదని, అది బయటపడుతుందనే భయంతో క్లినిక్‌లోని వస్తువులు ఎత్తుకుని పారిపోయిందని వంశీకృష్ణ పోలీసు కంప్లయింట్ ఇచ్చాడు. షైనీని పట్టుకోవడానికి సొంతంగా ఒక మనిషిని కూడా పెట్టుకున్నాడు.

రేణుకాదేవి మొదట ఎక్స్‌రే సంగతి అడగలేదు. ఆ ఆదివారం ఎక్కడున్నారని అడిగింది. ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు అతను గబగబా జవాబిచ్చాడు. హైదరాబాదులో డాక్టర్ల సభలో ప్రసంగించాడు, వందమంది చూశారు, వీడియో ఉంది. ఆ రోజు క్లినిక్ షైనీ చేతిలో ఉంది. కాబట్టి ఆ పిల్ల పళ్లు అరగదీసింది షైనీయే.

"ఆ పళ్లకు ఏం రోగముందని అరగదీసినట్టు?"

వంశీకృష్ణ నవ్వాడు. అతని వాదన అతనికుంది, అది గట్టిదే. గార పళ్లున్న ఆడపిల్ల నలుగురిలో చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వలేదు. ఇంటర్వ్యూకు పోతే నోరు విప్పదు. అలాంటి పిల్ల తన కాళ్లమీద తాను నడిచివచ్చి, అందంగా చేయమని అడిగితే డాక్టరు వద్దనాలా? ముక్కు కుట్టించుకోవడానికి, జుట్టుకు రంగేసుకోవడానికి లేని అడ్డు పంటికెందుకని అడిగాడు.

"అందం కోసమని అడిగితే అందం కోసమే చేస్తున్నానని చెప్పాల," అంది రేణుకాదేవి. "అరగదీసిన పన్ను మళ్లీ పెరగదని చెప్పాల. క్యాపులు అరిగినప్పుడల్లా జీవితాంతం మార్చుకుంటా ఉండాలని చెప్పాల. పైమరక వరకు తీసే చిన్న వైద్యం ఉంటే అది ముందు చెప్పాల. అన్నీ విన్నాక ఆ పిల్ల సరేనంటే అది ఆమె ఇష్టం. పుచ్చిపోయినాయి, చీము పడతాదని భయపెట్టి సరేననిపించుకుంటే ఆ ఇష్టం ఎవురిది?"

ఆమె వెనక్కి తిరిగి చూస్తే సాయికిరణ్ గదిలో లేడు. ట్రే కిటికీ గట్టుమీద ఉంది.

పోయిన వస్తువులేమిటో చూపించమంటే డాక్టరు ఆమెను వెనక గదికి తీసుకెళ్లాడు. గోడ పొడవునా అరలు. అరల్లో ప్లాస్టర్‌తో పోసిన పళ్ల అచ్చులు. పని మొదలుపెట్టేముందు ఒకటి, అయ్యాక ఇంకొకటి, ఒక్కొక్కరికి రెండేసి చొప్పున తీసిపెట్టడం అక్కడి పద్ధతి. అడుగున పేరూ ఊరూ గీకి ఉన్నాయి. రేణుకాదేవి కళ్లద్దాలు పెట్టుకుని అరలన్నీ చూసుకుంటూ పోయింది. ప్రతి అచ్చు పక్కనా ఒక ఖాళీ ఉంది. చుట్టూ దుమ్ము, మధ్యలో దుమ్ములేని గుర్రపునాడా ఆకారం. మిగిలిన అచ్చుల్లో పళ్లన్నీ ఒకే కొలతలో, ఒకే వరసలో, వేరువేరు మనుషులవైనా అక్కచెల్లెళ్లవిలా ఉన్నాయి. అవి పని అయ్యాక తీసినవి. ముందు తీసినవి ఒక్కటీ లేదు.

ఏదీ కిందపడి పగల్లేదు. గొళ్లెం విరగలేదు. వచ్చిన మనిషి కంగారు పడలేదు, కసి తీర్చుకోలేదు. తనకు కావలసినవేవో ముందే తెలుసుకుని, వాటినే, ఒకదాన్నొకటి రాసుకోకుండా జాగ్రత్తగా తీసుకుపోయింది. తప్పు చేసినవాళ్లు చెడిపోయినవాటిని మాయం చేస్తారు. ఈ అమ్మాయి బాగున్న పళ్లను దాచింది.

అప్పటిదాకా రేణుకాదేవి షైనీని ఒక కేసుగానే చూసింది. ఆ ఖాళీ అరల ముందు నిలబడ్డప్పుడు మొదటిసారి ఆ అమ్మాయి మొహం చూడాలనిపించింది.

"మేడం రిటైరైనా డ్యూటీ దిగినట్టు లేరే."

గుమ్మంలో కోటేశ్వర్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఆమె కిందే ఎస్సైగా చేశాడు. ఉద్యోగం వదిలి నెల్లూరులోనే డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాడు. ఇద్దరికీ ఒకే ఊళ్లో ఒకే పని కావడంతో పెళ్లిళ్లలో ఎదురుపడ్డా కుశలప్రశ్నలతో సరిపెట్టుకుంటారు. వంశీకృష్ణ పెట్టుకున్న మనిషి అతనే.

ఆమె దగ్గర గౌరవం తగ్గించకుండానే అతను తెగేసి మాట్లాడాడు. దొంగతనం జరిగింది, దొంగ తెలుసు. దొంగ పారిపోయింది, తండ్రి నోరు విప్పడు. ఇందులో పరిశోధించడానికేముందన్నాడు. సాయంత్రంలోగా పిల్లను పట్టుకుంటానని, మేడం శ్రమపడాల్సిన పనిలేదని చెప్పాడు.

"నువ్వు ఎక్కడెక్కడ వెతికినావు?"

"లాడ్జిలు, హాస్టళ్లు, స్నేహితుల ఇళ్లు. మద్రాసు బస్సులు కూడా."

"పారిపోయే మనిషి కోసం వెతికినావు. బాగానే ఉండాది. ఇట్టా వచ్చి ఒక బొమ్మ చూడు."

ఆమె అతన్ని ముందుగదికి తీసుకొచ్చి తెర ముందు నిలబెట్టింది. ఇది ఇప్పుడు నాదని చెప్పి చూపించిన ఎక్స్‌రే అంది. తన నోట్లో లేని పన్ను అందులో ఉందని చెప్పి, చెంప వేలితో లాగి ఆ ఖాళీ చూపించింది. తరవాత డాక్టరు పెన్ను అందుకుని బొమ్మ అంచున ఆనించింది.

"బందోబస్తులో రాయి తగిలి నీ దవడ విరిగినప్పుడు ఆసుపత్రికి నేనే తీసకపోయినా. గుర్తుందా? ప్లేటు వేసినారు. దానికి స్క్రూలెన్ని?"

కోటేశ్వర్ చెయ్యి తెలియకుండానే గడ్డం పక్కనున్న పాత మచ్చ మీదికి వెళ్లింది. "నాలుగు," అన్నాడు.

"ఇందులో రెండే పడినాయి. మిగతావి కత్తిరించేసినారు."

అతను తెర దగ్గరికి జరిగాడు. చాలాసేపు చూశాడు. గుట్కా అలవాటున్న రోజుల్లో పుచ్చిపోయిన తన పళ్లు, వంకరగా మొలిచిన తన జ్ఞానదంతం. ఏడాది కిందట ఇదే కుర్చీలో పడుకుని బాగుచేయించుకున్నవి. డాక్టరుతో స్నేహం అక్కడే మొదలైంది. అతని మొహంలో రంగు మారింది. కంప్యూటర్ ముందు కూర్చుని, గత నెలలో వచ్చినవాళ్లకు చూపించిన ఎక్స్‌రేలు ఒక్కొక్కటే తెరిచాడు. పేర్లు మారుతున్నాయి, ఊళ్లు మారుతున్నాయి. చేజర్ల ముసలాయనకూ, ఉదయగిరి కాలేజీ పిల్లకూ, దివ్యశ్రీకీ అదే దవడ.

"నా నోరు చూపించి ఇంతమందిని బెదిరించినావా?" అన్నాడు డాక్టరుతో. గొంతు పెంచలేదు.

వంశీకృష్ణ అదేదో సాఫ్ట్‌వేర్ పొరపాటని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. కోటేశ్వర్ తనకు తెలిసిన పోలీసు అధికారికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు. వాళ్లు వచ్చి కంప్యూటర్లకు సీలు వేసేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. బయటపడేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. సాయికిరణ్ మోటారుసైకిల్ వాకిట్లో లేదు.

కోటేశ్వర్ కారులోనే ఇద్దరూ ఉదయగిరి బయల్దేరారు. దారిలో అతను తన పట్టు పూర్తిగా వదల్లేదు. ఎక్స్‌రేల మోసం డాక్టరుదే, ఒప్పుకున్నాడు. కానీ ఆదివారం ఆ డాక్టరు హైదరాబాదులో ఉన్నాడు. దివ్యశ్రీ పళ్లు వాటంతటవి అరగలేదు. క్లినిక్‌లో ఉన్న రెండో డాక్టరు షైనీ. ఆ లెక్క ఎటు తిప్పినా అక్కడికే వస్తుందన్నాడు. రేణుకాదేవి కాదనలేదు. ఆమెకూ ఆ ముడి విడిపోలేదు.

ప్రేమానందం మాస్టారి ఇల్లు ఉదయగిరిలో బాప్టిస్టు చర్చికి దగ్గరలోనే ఉంది. ఆయన వాకిట్లోనే ఎదురొచ్చాడు. సన్నటి మనిషి, తెల్లటి లుంగీ, జేబులో పెన్ను. కోటేశ్వర్‌ను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇతను ఇప్పుడు మనవైపేనని రేణుకాదేవి చెప్పాక లోపలికి రమ్మన్నాడు. వసారాలో గోడకానుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఎండకు కమిలిన మొహం, నిద్రలేని కళ్లు. ఒళ్లో తువ్వాలు మూట ఉంది.

"ఈమె పిచ్చమ్మ. దివ్యశ్రీ తల్లి," అన్నాడు మాస్టారు. "ఇప్పుడే బస్సు దిగి వచ్చింది. నా బిడ్డ ఎక్కడుందో ఈమె చెప్పిందాకా నాకూ తెలీదమ్మా."

పిచ్చమ్మ మూట విప్పింది. అందులో ప్లాస్టర్ అచ్చు. రేణుకాదేవి దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లింది. పళ్ల మీద సన్నటి గుంటల చారలున్నాయి, ఫ్లోరైడు చేసిన గుర్తులు. ఒక్క పిప్పి లేదు. ఒక్క పన్ను విరగలేదు. పంతొమ్మిదేళ్ల పిల్లకు దేవుడిచ్చిన పళ్లు వరసగా, రాయిలా ఉన్నాయి. కోటేశ్వర్ వాటి మీద బొటనవేలు పోనిచ్చి, తిరిగి తల్లికిచ్చాడు.

ఆ తల్లి చెప్పింది విన్నకొద్దీ రేణుకాదేవికి షైనీ రూపం కళ్లకు కట్టింది. సోమవారం పొద్దున కూతురి మెడ వాచి మాట పడిపోతే, క్లినిక్‌కు ఫోన్ చేశారు. మామూలే, మాత్ర వేసుకోమన్నారు. మనసొప్పక మధ్యాహ్నానికి తీసుకొస్తే వాకిట్లో షైనీ ఎదురైంది. ఆ పిల్ల గొంతు కింద వేలుపెట్టి చూసి, ఇది ఇక్కడ పని కాదు, ఊపిరి ఆగిపోతుందని, తనే కారు మాట్లాడి, దారి పొడవునా తల ఒళ్లో పెట్టుకుని నెల్లూరు చేర్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని అక్కడి డాక్టర్లు చెప్పారు. ఆ రాత్రే ఆత్మకూరు తిరిగివచ్చి వంశీకృష్ణను నిలదీసింది. నోరు మూసుకోకపోతే తప్పంతా నీ మీదే పెడతానన్నాడు. తెల్లారేలోగా ఆ అరలు ఖాళీ అయ్యాయి.

బిడ్డ ఎవరికీ చెప్పొద్దన్నదని అంతవరకు దాచుకున్న మిగతాది మాస్టారు ఇప్పుడు చెప్పాడు. మంగళవారం పొద్దున రెండు సంచులతో ఇంటికొచ్చింది. అన్నం తిని, ఆయన పాత స్కూటర్ తీసుకుని పల్లెలు తిరిగింది. ఎవరి అచ్చు వాళ్ల ఇంటికి తీసుకెళ్లి చేతిలో పెట్టింది. ఇవి నీ పళ్లు, మరక ఉంది గానీ రోగం లేదు, ఎవరు వచ్చి అడిగినా ఇవ్వొద్దని చెప్పింది. ఒకచోట దాచిపెడితే ఎవరైనా పగలగొట్టేయొచ్చు. అన్ని ఇళ్లలోని దేవుడి గూళ్ల మీదా, అల్మారాల్లోనూ ఉన్నవాటిని ఎవరూ ఒక్కరోజులో తుడిచేయలేరు.

"ఎక్కడ దాచిందని నేను వెతికినాను," అన్నాడు కోటేశ్వర్. "ఎవరివి వాళ్లకిచ్చేసింది."

ప్రేమానందం గోడమీది ఫొటో చూపించాడు. కాలేజీ పట్టా అందుకున్న రోజు తీసింది. షైనీ నోరారా నవ్వుతోంది. పళ్ల మీద గోధుమరంగు చారలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. చదువుకునేటప్పుడు స్నేహితులు ఊరికే తెల్లగా చేస్తామన్నా ఒప్పుకోలేదట. "మా ఊరి పిల్లలు నన్ను చూసి నోరు తెరవాల నాయనా, మూసుకోకూడదు అనింది," అన్నాడాయన.

రేణుకాదేవి ఆ ఫొటో ముందు కొంచెం ఎక్కువసేపే నిలబడింది. ఎన్నో కేసుల్లో సాక్షులు తెలివిగా ఉండడం చూసింది, ధైర్యంగా ఉండడం చూసింది. తన పేరు పోతున్నా పట్టించుకోకుండా ముందు రోగి దగ్గరికి పరిగెత్తిన మనిషిని మాత్రం అరుదుగా చూసింది.

కోటేశ్వర్ మాత్రం తన ముడి దగ్గరే ఉన్నాడు. ఆదివారం షైనీ ఎక్కడుందని అడిగాడు. ఇక్కడే, చర్చిలో పాటలు పాడిందని తండ్రి చెప్పాడు. తండ్రి అలాగే చెబుతాడని కోటేశ్వర్ మొహంలో కనిపించింది. పిచ్చమ్మ కలగజేసుకుంది.

"ఆ పాప ఆ పొద్దు ఆడ లేదు సార్. నేను వాకిట్లోనే కూచోనుండా. లోపల చేసింది మొగపిల్లోడు."

"వంశీకృష్ణా?"

"కాదు సార్. ఆ పెద్దడాక్టరు నాకు తెలుసు. ఎక్స్‌రే తీసే పిల్లోడే. ఆ పొద్దు తెల్లకోటు వేసుకోనుండాడు. ఆదివారాలు ఆయన్నే డాక్టరు అంటారంట."

ముడి ఒక్కసారిగా విడిపోయింది. పంటివైద్యం చదవనివాడు, ఎవరూ చూడని రోజున, రోగం లేని పళ్ల నరాలు తీశాడు. వంశీకృష్ణకు తెలిసే జరిగింది కాబట్టే నేరం షైనీ మీదికి తోశాడు. సాయికిరణ్‌ను గుర్తుపట్టగలిగేవాళ్లలో ఒకరు తన ఎదుట కూర్చున్న ఈ తల్లి. రెండో మనిషి గొంతులో గొట్టంతో పడుకుని ఉంది. పొద్దున షైనీ పేరు విని, ఆ కుర్రాడు తన కళ్లముందే జారుకున్నాడు. రేణుకాదేవికి తన మీద తనకు కోపమొచ్చింది.

"షైనీ ఇప్పుడెక్కడుంది పిచ్చమ్మా?"

"నా బిడ్డ కాడే ఉండాదమ్మా. అక్కనని చెప్పి ఆసుపత్రిలోనే ఉండాది. ఆ పాప ఫోను పని చెయ్యదని నా ఫోను ఇచ్చొచ్చినా. నువ్వు ఇంటికి పోయి గొర్రెల్ని చూసుకోనిరా, దారిలో మా నాయనకు కనపడి నేను బాగుండానని చెప్పు అనింది."

ఊరూవాడా వెతుకుతున్న మనిషి మూడు రోజులుగా ఐసీయూ వాకిట్లో బెంచీ మీద కూర్చుని ఉంది. కోటేశ్వర్ తల వంచుకున్నాడు.

మాస్టారి ఫోన్ మోగింది. తెర మీద నంబరు చూసి ఇది నీదేనా అని పిచ్చమ్మను అడిగాడు. ఆమె తలూపింది. రేణుకాదేవి స్పీకర్ నొక్కింది.

"నాయనా, మెల్లగా మాట్లాడతా, విను." షైనీ గొంతు. వెనక బండి రొద. "దివ్యశ్రీకి అన్ననని ఒకతను వచ్చినాడు. వేరే ఆసుపత్రికి మారుస్తానని సంతకం పెట్టి దించేసినాడు. నేను మందులకు కిందికి పోయి వచ్చేలోపల అంబులెన్సు ఎక్కించినాడు."

"నా బిడ్డకు అన్న లేడు," అంది పిచ్చమ్మ.

రేణుకాదేవి తానెవరో రెండు ముక్కల్లో చెప్పి, నువ్వెక్కడున్నావని అడిగింది.

"నేనూ ఎక్కినాను మేడం. తలుపు వేసేలోపల దూరినాను. నర్సు లేదు. గొంతు గొట్టానికి పెట్టిన గాలి సంచి నేనే చేత్తో నొక్కతా ఉండాను. అతను ముందర డ్రైవరు పక్కన కూచోనుండాడు, డ్రైవరు చూస్తా ఉంటే నన్ను దించలేకపోయినాడు. మాస్కు పెట్టుకున్నాడు గానీ గొంతు సాయికిరణ్‌దే. ఫోను పడక మీద పెడతాను. ఆపొద్దు."

ఆ తరవాత షైనీ వాళ్లతో మాట్లాడలేదు. రోగితో మాట్లాడడం మొదలుపెట్టింది, ముందు కూర్చున్నవాళ్లకు కూడా వినిపించేంత గట్టిగా. "భయపడొద్దు దివ్యా, బుచ్చి దాటినాం. రోడ్డు బాగుండాది. సంగం వస్తే సగం దూరం పోయినట్టే."

ఊళ్ల పేర్లతో బండి ఎటు పోతోందో తమకే చెబుతోందని రేణుకాదేవికి వెంటనే అర్థమైంది. పిచ్చమ్మను చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి నడిపించింది. మాస్టారు తన ఫోన్ ఆమె చేతిలోనే వదిలేశాడు. కోటేశ్వర్ బండి తీస్తూనే రెండో ఫోన్‌లో పోలీసులకు సంగతి చెప్పాడు. ఆత్మకూరు ముందే రోడ్డుకు అడ్డం పెడతామన్నారు. కారు ఊరు దాటింది. ఫోన్‌లో ఆ గొంతు అలసట లేకుండా ఊళ్ల పేర్లు చెబుతూ, మధ్యమధ్యలో ఊపిరి లెక్కబెట్టినట్టు ఆగుతూ సాగింది. ఒక చేత్తో ప్రాణం నిలబెడుతూ, ఆ పిల్ల నోటితో దారి చూపిస్తోంది.

"సంగం వచ్చింది దివ్యా." తరవాత చిన్న తడబాటు. "ఎడమకు తిరిగినామేందమ్మా. ఇది బ్యారేజీ గదా. కింద పెన్న కనపడతా ఉండాది. ఆత్మకూరు కాదు, చేజర్ల పక్కకు పోతా ఉండాం."

కోటేశ్వర్ తిట్టుకుంటూ మళ్లీ ఫోన్ అందుకున్నాడు. అడ్డం పెట్టిన రోడ్డు వేరు, బండి పోతున్న రోడ్డు వేరు.

ఫోన్‌లో మగ గొంతు వినిపించింది. "ఎవురితో మాట్లాడతా ఉండావు?"

"పేషెంటుతో. మాట్లాడతా ఉంటేనే మెలకువగా ఉంటాది."

బ్రేకులు కీచుమన్నాయి. బండి ఆగింది. ఇనుప తలుపు తెరుచుకున్న చప్పుడు, దాని వెంట గాలి హోరు. పిచ్చమ్మ ఫోన్ వైపు చెయ్యి చాచింది, లోపలున్న కూతురిని అందుకుంటున్నట్టు.

"దిగు," అన్నాడు సాయికిరణ్.

"దిగను." షైనీ గొంతు వణకలేదు. "నేను చెయ్యి వదిలిన నిమిషానికి ఈ పిల్ల ఊపిరి ఆగిపోతాది. ఇంతవరకు నువ్వు చేసింది మోసం, సాయి. ఇప్పుడు నన్ను లాగితే హత్య. డ్రైవరన్నా, నువ్వు కూడా విను."

ఫోన్ కిందపడ్డ శబ్దం వచ్చి, లైను తెగిపోయింది.